సుందరదాసు శ్రీ ఎం.ఎస్. రామారావు గారి జీవితం – మనకొక పాఠం



పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు నన్ను కోరారు. రాజకీయ నాయకుల జీవితాలు, సంస్కర్తల జీవితాలు గత సంచికలలో మిత్రులు చాలానే వ్రాశారు. అందువల్ల నేను ఒక గాయకుణ్ణి ఎంచుకున్నాను. ఆయన గొంతు ఎరుగనివారు మనలో లేరు. ఆయన జీవితం మాత్రం ఎరిగినవారు తక్కువ.

మంగళవారం, శనివారం తెల్లవారుజామున పాలకోసం బయలుదేరినప్పుడు ఆంజనేయస్వామి గుడి మైకులోనుంచి తెలుగులో హనుమాన్ చాలీసా, సుందరకాండ వినబడుతూ ఉంటాయి. తొందర లేని గొంతు అది. గమకాల ఆర్భాటం ఉండదు. ప్రతి మాటా చదువురానివారికి కూడా విడివిడిగా తెలుస్తుంది. ఆ గొంతు కీర్తిశేషులు శ్రీ ఎం.ఎస్. రామారావు గారిది. పాడింది ఆయనే, ఆ మాటలు తెలుగులో కూర్చిందీ ఆయనే. తన పాట తానే వ్రాసుకొని తానే పాడేవారిని మన పెద్దలు వాగ్గేయకారులన్నారు. అమెరికాలో పల్లె పాటల బాణీలో ఇలా పాడి పేరు తెచ్చుకున్న హాంక్ విలియమ్స్ దాదాపు రామారావు గారి ఈడువాడే. అయితే అతడు 1953 తొలిరోజుననే, ముప్పై యేళ్ళు నిండకుండా పోయాడు. మన రామారావు గారికి భగవంతుడు డెబ్బై యేళ్ళ ఆయుష్షు ఇచ్చాడు. అందులో ఆయన అసలు పని యాభై దాటాక జరిగింది. ఈ సంచికకు ఆయనే తగినవారని నేననుకోవడానికి కారణం అదే.

మోపర్రు నుంచి మద్రాసుకు

రామారావు గారి పూర్తి పేరు మోపర్తి సీతారామారావు. 1921లో గుంటూరు జిల్లా అమృతలూరు దగ్గరి మోపర్రు గ్రామంలో జన్మించారు. 2022లో జిల్లాలను విభజించాక ఆ ఊరు బాపట్ల జిల్లాలోనికి వచ్చింది. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళంటే నాటకాలకు, పద్యాలకు పుట్టిల్లు. హార్మోనియం శ్రుతి వినకుండా ఏ పిల్లవాడూ అక్కడ పెరగడు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన 1941లో జరిగింది. అంతర కళాశాలల లలిత సంగీత పోటీలో ఆయనకు మొదటి బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలలో ఒకరు అడవి బాపిరాజు గారు. నారాయణరావు, హిమబిందు, గోన గన్నారెడ్డి వంటి నవలలు వ్రాసిన రచయిత, చిత్రకారుడు, తానూ గొంతెత్తి పాడగల రసికుడు. మంచి గాయకుడివి కాగలవని ఆ కుర్రవాణ్ణి ప్రోత్సహించినది ఆయనే. హైదరాబాదు వారికి బాపిరాజు గారు ఇంకొక విధంగా కూడా గుర్తు. నిజాం కాలంలో ఇక్కడినుంచి వెలువడిన మీజాన్ తెలుగు దినపత్రికకు 1944 నుంచి కొన్నేళ్ళు ఆయనే సంపాదకులు. ఆ పెద్దమనిషి ఒకనాడు ఇచ్చిన ప్రోత్సాహం ఒక జీవితకాలానికి చాలింది. మన ఆఫీసుల్లోనూ అంతే గదా! కొత్తగా చేరిన గుమాస్తా మొదటి నోటు చూసి పై అధికారి నాలుగు మంచి ముక్కలు అంటే, ఆ మనిషి ముప్పై యేళ్ళు శ్రద్ధగా పని చేస్తాడు.

తెర వెనుక గొంతు

టాకీలు వచ్చిన కొత్తలో నటుడైనవాడు పాట కూడా పాడుకోవాలి. కెమెరా తిరుగుతుండగానే పాడాలి. వాద్యగాళ్ళు చెట్టు చాటునో తెర చాటునో కూర్చుని వాయించేవారు. పాట రానివారికి వేషం దొరకడం కష్టం. పాట వచ్చినవారికి నటన రాకపోయినా వేషం దొరికేది. పాటను ముందుగా వేరే గాయకునిచేత పాడించి, రికార్డు చేసి, సెట్టు మీద నటుడు పెదవులు కదిపే పద్ధతి తెలుగులో 1940లలో స్థిరపడింది. దానినే నేపథ్యగానం అన్నారు.

1944లో వై.వి. రావు గారి దర్శకత్వంలో వచ్చిన తహసీల్దార్ చిత్రంలో రామారావు గారు అలా తెర వెనుకనుంచి పాడారు. తెలుగులో తొలి నేపథ్య గాయకుడిగా సినిమా చరిత్ర వ్రాసినవారు ఆయన పేరే చెబుతారు. రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు ఆ సినిమా పేరు వింటే నవ్వు రావచ్చు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు మన ఊళ్ళలో తహసీల్దారు అనే మాటే కొన్నాళ్ళు కనుమరుగైంది. ఆ తర్వాత మళ్ళీ తిరిగి వచ్చింది. రామారావు గారి కథ కూడా ఇంచుమించు అలాగే నడిచింది.

ఆనాటి రికార్డింగు గురించి ఈ కాలపు మనుమలకు చెప్పాలి. ఇప్పుడు ఒక పాటను ముక్కలుగా పాడి అతికిస్తారు. శ్రుతి తప్పితే యంత్రమే సరిచేస్తుంది. ఆనాడు గాయకుడు, వాద్యబృందం ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ముగించాలి. నాలుగో చరణంలో ఫిడేలు వాయించేవాని చేయి జారినా మళ్ళీ మొదటినుంచి పాడాల్సిందే. గొంతులో బలం, మనసులో ఓర్పు రెండూ ఉంటేనే నెగ్గుకు రాగలరు. తరువాతి ఇరవై యేళ్ళూ రామారావు గారు అడపాదడపా చిత్రాలకు పాడుతూ వచ్చారు. 1951లో వచ్చిన దీక్ష చిత్రంలో ఆయన పాడిన పాట ఆచార్య ఆత్రేయ గారు సినిమాకు వ్రాసిన తొలి పాట. తరువాత తెలుగువారిని దశాబ్దాలపాటు ఏడిపించిన ఆ కలం తొలి పలుకు రామారావు గారి గొంతులోనే బయటికి వచ్చిందన్నమాట.

మూడు నిమిషాల పాట

సినిమా ఒక దారి. రెండవ దారి గ్రామఫోను. సినిమాలతో సంబంధం లేకుండా గాయకులు విడిగా పాడిన పాటలను ప్రైవేటు రికార్డులనేవారు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ నల్లటి పళ్ళెంలో ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట మాత్రమే పట్టేది. పల్లవి, రెండు మూడు చరణాలు, అంతే. చెప్పదలచిన భావమంతా అందులోనే ఇమడాలి. ఎక్కువ సంగతులు వేస్తే సాహిత్యానికి చోటు ఉండదు. అందువల్లనే ఆ తరం లలిత గాయకులకు మాట పొదుపుగా వాడటం, స్పష్టంగా పలకడం అలవాటైంది. తరువాత సుందరకాండలో మనం వినే ఆ స్పష్టతకు పునాది ఇక్కడే పడిందని నా అభిప్రాయం.

తాజ్‌మహల్‌లో శాశ్వత నిద్రలో ఉన్న షాజహానును ఉద్దేశించి పాడిన పాట ఆయన పేరు వింటే పాత తరంవారికి వెంటనే గుర్తుకు వస్తుంది. ఆ పాటలో జహాపనా అనే పిలుపు మా హైదరాబాదీలకు మరీ దగ్గరిది. నవాబుల కాలం చూసినవారు ఆబిడ్స్‌లో అడుగడుగునా ఉండే రోజుల్లో ఆ మాటకు వేరే అర్థం చెప్పనక్కరలేదు. మా సెక్షనులో ఒక మిత్రుడు ఆ పాట కూనిరాగం తీసినప్పుడల్లా మధ్యాహ్నం ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటలుకు టిఫినుకు పోదామని సంకేతం. నవ్వులాటకు ఉపయోగపడినా ఆ పాట విన్నవారిని కాసేపు మౌనంగా కూర్చోబెట్టేది.

పాటకు ఇంత అని ఇచ్చి పంపే రోజులవి. ఆ పాట వెయ్యిసార్లు మోగినా గాయకునికి అదనంగా దమ్మిడీ రాదు. భవిష్యనిధి లేదు, గ్రాట్యుటీ లేదు, పెన్షను మాట సరేసరి. పాటల రచయితలకు, స్వరకర్తలకు, గాయకులకు రాయల్టీ హక్కులను గట్టిగా చెప్పిన కాపీరైటు చట్ట సవరణ మన దేశంలో 2012లో గాని రాలేదు. అంటే రామారావు గారు పోయిన ఇరవై యేళ్ళకు. నెల మొదటి తారీఖున బ్యాంకు ఖాతాలో పడే మొత్తం చూసుకొని సణుగుకొనే మనం, ఆ తరం కళాకారులు ఏ భరోసా మీద బ్రతికారో ఒకసారి తలచుకోవడం మంచిది.

నలభై రెండేళ్ళకు ఆగిన పాట

1940ల చివరికి సినిమా సంగీతంలో పెద్ద మార్పు వచ్చింది. విజయనగరంలో శాస్త్రీయంగా నేర్చుకొని, 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు గారు మద్రాసు చేరారు. 1951లో పాతాళభైరవి, 1953లో దేవదాసు వచ్చేసరికి తెలుగు కథానాయకుని గొంతు అంటే ఘంటసాల గొంతే అని జనం తీర్మానించారు. ఆయన వెంట మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు, ఏ.ఎం. రాజా, పి.బి. శ్రీనివాస్ గార్లు ఉండనే ఉన్నారు. రామారావు గారు ఘంటసాల కంటే ఒక్క ఏడాదే పెద్ద. వయసు మళ్ళలేదు, గొంతు చెడలేదు. కాని అవకాశాలు తగ్గాయి. దారి వేసినవాడు ఒకడు, ఆ దారిన రథం నడిపినవాడు మరొకడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాని ఇంట్లో పొయ్యి వెలగాలి గదా.

1963లో, నలభై రెండేళ్ళ వయసులో, ఆయన మద్రాసు వదిలి రాజమండ్రి చేరుకున్నారు. అక్కడ నవభారతి గురుకులంలో వార్డెనుగా ఉద్యోగం చేశారు. పిల్లల భోజనం, నిద్ర, క్రమశిక్షణ చూసే పని. స్టూడియోలో మైకు ముందు నిలబడిన మనిషి హాస్టలు హాజరుపట్టీ ముందు కూర్చున్నారు. సినిమావాళ్ళ దృష్టిలో అది పతనం. మనబోటివారి దృష్టిలో అది గౌరవప్రదమైన ఉద్యోగం.

1983లో రాష్ట్రంలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు దిగినప్పుడు నాంపల్లి ఆఫీసుల్లో ఎంతోమంది సీనియర్లు ఒక్క నెలాఖరున ఇళ్ళకు వెళ్ళవలసి వచ్చింది. నేనప్పటికి చిన్నవాణ్ణి. తరువాత వయసు మళ్ళీ 58 అయింది గాని, ఆ రోజు కుర్చీలు వదిలిన పెద్దల ముఖాలు నాకు ఇంకా కళ్ళముందు ఉన్నాయి. రేపటినుంచి తెల్లవారి లేచి ఏం చేయాలి? డబ్బు కంటే ఆ ప్రశ్నే వారిని ఎక్కువ బాధించింది. అదే ప్రశ్న రామారావు గారికి నలభై రెండేళ్ళకే ఎదురై ఉంటుందని నేననుకుంటాను.

1971 – కబురు రాని రోజులు

1971 డిసెంబరు 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. 16వ తేదీన ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. చరిత్ర పుస్తకాలలో అది పదమూడు రోజుల యుద్ధం. సైనికుల ఇళ్ళలో అది అన్ని రోజులే కాదు. రామారావు గారి కుమారుడు భారత వైమానిక దళంలో ఉన్నాడు. ఆ యుద్ధకాలంలో అతని ఆచూకీ తెలియలేదు. బ్రతికి ఉన్నాడో లేడో చెప్పేవారు లేరు.

ఈ కాలపు పిల్లలకు అది ఊహించడం కష్టం. చేతిలో ఫోను లేదు. ఇంట్లో టెలిఫోను ఉన్నవారు ఊరికి నలుగురు. తెలిసే దారులు మూడే. రేడియో వార్తలు, పోస్టుమాను, తంతి. రేడియో పేర్లు చెప్పదు. పోస్టుమాను రాకపోతే బాధ, తంతి పట్టుకొని వస్తే భయం. ఆ తండ్రి ఆంజనేయస్వామిని ఆశ్రయించారు. హనుమంతుని ఉపాసన చేస్తూ రోజులు గడిపారు. చివరికి కుమారుడు క్షేమంగా ఉన్నాడన్న కబురు వచ్చింది. ఇక మిగిలిన జీవితం హనుమంతునిదేనని ఆయన నిశ్చయించుకున్నారు. అప్పటికి ఆయనకు యాభై యేళ్ళు.

భక్తి లేనివారు దీనిని యాదృచ్ఛికం అనవచ్చు, భక్తులు మహిమ అంటారు. ఆ వాదంలోకి నేను దిగను. నాకు ముఖ్యమైనది ఆ తరువాత ఆయన చేసిన పని. మొక్కు తీరిందని కొబ్బరికాయ కొట్టి ఊరుకోలేదు. తన చేతిలో ఉన్న విద్యను బయటికి తీశారు.

చాలీసా, సుందరకాండ

తులసీదాసు గారు అవధీ భాషలో చెప్పిన హనుమాన్ చాలీసాకు నాలుగు వందల యేళ్ళు పైబడింది. నలభై చౌపాయీలు ఉన్నందున దానికి చాలీసా అని పేరు. ఉత్తరాదివారికి అది కంఠోపాఠం. మన దక్షిణాదివారికి, అందునా హిందీ రాని ఆడవారికి, పెద్దవారికి భావం అందేది కాదు. రామారావు గారు దానిని ఆ నడక చెడకుండా తెలుగులోకి తెచ్చారు. నిఘంటువు చూడవలసిన మాట ఒక్కటి కూడా దొర్లకుండా చూసుకున్నారు. నేడు తెలుగు ఇళ్ళలో చాలామంది పఠించేది ఆ తెలుగు చాలీసానే. వ్రాసినవారి పేరు తెలియకుండానే పఠిస్తున్నవారూ ఎందరో ఉన్నారు. రచయితకు అంతకన్నా గొప్ప సన్మానం నాకు తెలియదు.

తరువాత అంతకంటే పెద్ద పనికి పూనుకున్నారు. వాల్మీకి రామాయణంలో సుందరకాండ అయిదవది. 68 సర్గలు. తెలుగువారిలో ఇంటికి కష్టం వస్తే సుందరకాండ పారాయణ చేయడం ఆచారం. కాని అది సంస్కృతం వచ్చినవారికే వీలయ్యే పని. లేదా పురోహితుణ్ణి పిలిపించుకోవాలి. రామారావు గారు మూలకథను అనుసరిస్తూ ఆ కాండను తెలుగులో గేయంగా మలిచారు. మహేంద్రగిరి మీద హనుమంతుడు ఒడలు పెంచడం మొదలు, మైనాకుడు, సురస, సింహిక, లంకిణి, అశోకవనం, ఉంగరం, లంకాదహనం, చూడామణితో తిరిగి రావడం వరకు కథ క్రమం తప్పకుండా సాగుతుంది. ఈ కథ తనది కాదని, గురువైన హనుమంతుడు తన హృదయంలో పలికినదే తాను పలుకుతున్నానని పల్లవి భావం. ఆ పల్లవి ఘట్టం తరువాత ఘట్టానికి తిరిగి వస్తూ ఉంటుంది. వినేవారికి ఊపిరి తీసుకొనే చోటు అదే. గుంపులో కూర్చున్నవారు గొంతు కలిపే చోటూ అదే. మన ఊళ్ళ హరికథ, భజన పద్ధతి తెలిసినవారికి ఈ ఏర్పాటు బాగా పరిచయం.

ఆయన రామాయణంలో మరే కాండనో ముందు చేపట్టకుండా దీనినే ఎందుకు తీసుకున్నారని నేను ఆలోచించాను. నాకు తోచిన సమాధానం చెబుతాను. సుందరకాండ అంటే కబురు తెలియని మనిషిని వెతికే కథ. ఒకవైపు భార్య ఎక్కడ ఉందో, బ్రతికి ఉందో లేదో తెలియని రాముడు. మరొకవైపు తనకోసం ఎవరైనా వస్తారో రారో తెలియని సీత. మధ్యలో కబురు మోసే హనుమంతుడు. పదమూడవ సర్గలో లంక అంతా గాలించినా సీత కనబడక హనుమంతుడంతటివాడు కుంగిపోతాడు. ప్రాణం తీసుకోవడమే మేలనుకుంటాడు. మళ్ళీ తానే తేరుకొని, బ్రతికి ఉన్నవానికే మంచి చూసే అవకాశం ఉంటుందని నిశ్చయించుకొని, వెతకని తోట ఒకటి మిగిలిందని అశోకవనం వైపు చూస్తాడు. 1971 చలికాలంలో పోస్టుమాను కోసం వాకిలి చూసిన తండ్రికి ఈ ఘట్టం ఒకరు వివరించి చెప్పాలా? ఆయన గొంతులో ఆర్భాటం లేకపోవడానికి కారణం అదేనని నాకు అనిపిస్తుంది. కష్టం అనుభవించినవాడు కష్టాన్ని గట్టిగా అరిచి చెప్పడు.

ఆబిడ్స్, నాంపల్లి వీధుల్లో

రాజమండ్రినుంచి ఆయన హైదరాబాదు వచ్చి చిక్కడపల్లిలో నివాసం ఏర్పరచుకున్నారు. ప్రతి సాయంత్రం రామనామ సంకీర్తన చేసేవారని ప్రసిద్ధి. 1977లో ఆయనకు సుందరదాసు అనే బిరుదు లభించింది. అప్పటికి 56 యేళ్ళు. అంటే మనం పెన్షను కాగితాలు సిద్ధం చేసుకొనే వయసులో ఆయనకు అసలైన పేరు వచ్చింది.

ఆ పేరు ఊరూరా పాకడానికి మరొక కారణం కూడా ఉంది. 78 చుట్ల రికార్డు మీద సుందరకాండ పట్టదు. మూడు నిమిషాలకొకసారి పళ్ళెం తిప్పుతూ పారాయణ ఎవరు వింటారు? పెద్ద ఎల్.పి. రికార్డులు కొంత దారి చూపాయి గాని అవి కలిగినవారి ఇళ్ళకే పరిమితం. 1980లలో చవక క్యాసెట్లు, గల్ఫునుంచి వచ్చిన టూ-ఇన్-వన్ సెట్లు దిగేసరికి కథ మారిపోయింది. అరగంట సేపు ఆగకుండా మోగి, తిప్పి పెడితే మరో అరగంట. ఆబిడ్స్, కోఠి క్యాసెట్ల దుకాణాల్లో, నాంపల్లి నుమాయిష్ మైదానంలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెలిసే అంగళ్ళలో భక్తిగీతాల అర వేరుగా ఉండేది. అక్కడ ఘంటసాల గారి భగవద్గీత పక్కనే రామారావు గారి సుందరకాండ. ఒకప్పుడు మద్రాసులో ఒకరికి దారి ఇచ్చి మరొకరు తప్పుకోవలసి వచ్చింది. చివరికి ఇద్దరూ ఒకే అరలో పక్కపక్కనే కూర్చున్నారు. సినిమా పాటలు మారుతూ పోయాయి గాని ఆ రెండు క్యాసెట్లు అరలోనుంచి కదలలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా తమ్ముడు కువైట్‌లో మెకానిక్కుగా పనిచేసేవాడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించుకుంది. ఆ రోజునుంచి ఉత్తరం లేదు, ఫోను లేదు. ఆఫీసునుంచి పర్మిషను తీసుకొని నేను ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకు, తెలిసినవారి ఇళ్ళకు తిరిగేవాణ్ణి. మా అమ్మకు చదువు రాదు. అన్నం మానేసింది. ఇంట్లో ఉన్న సుందరకాండ క్యాసెట్టును మా ఆవిడ ఒక సాయంత్రం పెట్టింది. ఆ రోజునుంచి అమ్మ అది పూర్తి అయ్యేదాకా వినడం, తరువాత రెండు ముద్దలు తినడం అలవాటు చేసుకుంది. సీత జాడ దొరికే ఘట్టం వచ్చినప్పుడల్లా కొంగుతో కళ్ళు తుడుచుకొనేది. అప్పట్లో మన దేశం అమ్మాన్ నగరంనుంచి విమానాల మీద లక్షా డెబ్బై వేల మందికి పైగా భారతీయులను వెనక్కు తెచ్చింది. సెప్టెంబరు చివరిలో మా తమ్ముడు కూడా ఒంటిమీద బట్టలతో బొంబాయిలో దిగాడు.

పాట వల్లనే వాడు వచ్చాడని నేననను. వాణ్ణి తెచ్చింది విమానం. కాని ఆ యాభై రోజులు మా అమ్మను నిలబెట్టింది మాత్రం ఆ పాట. రామారావు గారి కుమారునికి జరిగినది నాకు అప్పటికి తెలియదు. తరువాత ఆ సంగతి చదివినప్పుడు, ఒక తండ్రి తాను దాటిన ఏటి మీద వెనుక వచ్చేవారికోసం వంతెన కట్టి వెళ్ళాడని అనుకున్నాను. చదువు రాని ఒక తల్లి నాంపల్లి అద్దె ఇంట్లో కూర్చుని ఆ వంతెన మీదుగా నడిచింది.

మళ్ళీ ఒకసారి మైకు ముందుకు

సినిమా ఆయనను పూర్తిగా మరిచిపోలేదు. 1989లో నీరాజనం అనే చిత్రం వచ్చింది. హిందీలో ఉద్దండుడైన ఓ.పి. నయ్యర్ గారు దానికి సంగీతం కూర్చారు. అందులో షాజహానును నిద్రపుమ్మని జోకొట్టే పాటను రామారావు గారే పాడారు. ఆయనకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. తహసీల్దార్ వచ్చి నలభై అయిదేళ్ళు. ఆబిడ్స్ థియేటర్లలో ఆ రోజుల్లో ఎక్కువగా వినబడేది యువకుల గొంతులు, వేగమైన తాళాలు. వాటి మధ్య ఈ పెద్దాయన గొంతు నిదానంగా, తన కాలాన్ని తాను వెంట తెచ్చుకున్నట్టు వినిపించింది. సినిమాలలో అదే ఆయన చివరి పాట.

1992 ఏప్రిల్ 20న రామారావు గారు పరమపదించారు. డెబ్బై నిండిన వయసు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన 60 యేళ్ళ వరకు ఆయన రచన మీద హక్కు నిలుస్తుంది. ఆ లెక్కన ఆయన వ్రాసినవాటి మీద హక్కు 2052 దాకా ఉంటుంది. గుమాస్తా బుద్ధి గనుక ఈ లెక్క వేశాను. జనం నాలుకల మీద అవి అంతకంటే ఎక్కువ కాలం ఉంటాయి. ప్రతి ఏటా చైత్ర పౌర్ణమికి గౌలిగూడ రామమందిరంనుంచి తాడ్‌బండ్ వరకు సాగే హనుమాన్ యాత్ర రోజున దారి పొడుగునా పందిళ్ళలో చెవి ఒగ్గి వినండి. ఎన్ని కొత్త పాటలు వచ్చినా నడుమ నడుమ ఆ పాత గొంతు వినబడుతూనే ఉంటుంది.

మనకు ఇందులో ఉన్నది

రామారావు గారి జీవితాన్ని సర్వీసు రిజిస్టరులాగా వ్రాస్తే ఇలా ఉంటుంది. ఇరవై మూడేళ్ళకు తొలి సినిమా పాట. నలభై రెండేళ్ళకు ఆ వృత్తికి స్వస్తి. తరువాత హాస్టలు వార్డెను. యాభైకి కన్నకొడుకు జాడ తెలియని కష్టం. యాభై ఆరుకు బిరుదు. డెబ్బైకి మరణం. నలభై రెండో ఏటితో రిజిస్టరు మూసి ఉంటే, సినిమా చరిత్రలో ఒక పంక్తిగా మిగిలి ఉండేవారు. తరువాతి పేజీలు ఆయన స్వయంగా వ్రాసుకున్నారు.

ఇంకొక విషయం కూడా గమనించండి. ఆయన రెండవ జీవితానికి కొత్త విద్య ఏదీ నేర్చుకోలేదు. మూడు నిమిషాల రికార్డుకోసం అలవరచుకున్న మాట పొదుపు, మైకు ముందు నేర్చిన నిలకడ, హాస్టలు పిల్లలతో వచ్చిన ఓర్పు, వీటినే మరొక పనికి మళ్ళించారు. మనం కూడా ముప్పై అయిదేళ్ళు ఆఫీసుల్లో ఊరికే కూర్చోలేదు. అర్జీ వ్రాయడం వచ్చు, రూలు చదివి అర్థం చెప్పడం వచ్చు, లెక్క తప్పకుండా వేయడం వచ్చు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడానికి వచ్చి సెల్‌ఫోనులో వ్రేలిముద్ర పడక బిక్కచచ్చి నిలబడే వృద్ధులు ఉన్నారు. కుటుంబ పెన్షనుకు ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియని వితంతు సోదరీమణులు ఉన్నారు. వారి పక్కన కూర్చుని ఒక దరఖాస్తు నింపి పెట్టడం సుందరకాండ వ్రాయడమంత గొప్ప పని కాకపోవచ్చు. కాని కబురుకోసం ఎదురుచూసేవారికి కబురు అందించడం కూడా హనుమంతుని పనే.



– ఒక విశ్రాంత ఉద్యోగి, నాంపల్లి